చేదు ఎక్కడ పూయాలి?
మూగజీవిని సరిదిద్దడంలో విశ్వాసికి ఉన్న హద్దులు

రాయలసీమ నుండి ఒక సోదరుడు ఉత్తరం రాశారు. ఆయనకు ఊరి బయట నాలుగు ఎకరాల చీనీ తోట ఉంది. అడవిపందుల బెడద, దొంగల భయం ఉండటంతో కాపలాకు ఒక కుక్కను పెంచుతున్నారు. రాత్రంతా అది నమ్మకంగా కాపలా కాస్తుంది. పగలు మాత్రం డ్రిప్ పైపులను కొరికి పాడుచేస్తోంది. ఎండలు ముదిరినప్పటి నుండి ఈ బెడద మరీ ఎక్కువైందట. రెండుమూడు సార్లు కర్రతో కొట్టి చూశారు, ఫలితం లేకపోయింది.

పట్నంలో ఒక దుకాణదారుడు ఆయనకు రెండు వస్తువులు చూపించాడు. ఒకటి పైపుల మీద చల్లే చేదు స్ప్రే. కుక్క నోరు పెట్టగానే చేదు తగిలి వదిలేస్తుంది. రెండోది మెడకు కట్టే పట్టీ. మనం మీట నొక్కితే కుక్క ముక్కు దగ్గర ఘాటైన వాసన చిమ్ముతుంది. పక్క తోట రైతు మూడో సలహా కూడా ఇచ్చాడు: "ఇన్ని డబ్బులెందుకు? కారం నీళ్ళు కలిపి ముఖాన కొట్టు, మళ్ళీ పైపు వంక చూడదు."

ఆ సోదరుడు చివర్లో ఇలా అడిగారు: "మౌలానా! వీటిలో ఏది సమ్మతం? కుక్కకు కూడా ఫత్వా అడుగుతావా అని ఇంట్లోవాళ్ళు నవ్వుతున్నారు. కాని నా మనసు ఒప్పుకోవడం లేదు."

సోదరా! నవ్వేవాళ్ళను నవ్వనివ్వండి. నోరులేని జీవి విషయంలో మనసు ఆగి ప్రశ్నించుకోవడం విశ్వాసానికి సంబంధించిన లక్షణమే. మీ ప్రశ్న చిన్నదిగా కనిపించినా, దాని వెనుక పెద్ద ప్రశ్న ఉంది. మన చేతికింద ఉన్న ప్రాణిని దారికి తెచ్చుకోవడానికి దానికి ఎంతవరకు ఇబ్బంది కలిగించవచ్చు?

'కుక్కే కదా' అనే మాట

ముందుగా ఈ మాట సంగతి చూద్దాం. మన ఇళ్ళలో చాలామందికి కుక్క పేరు వింటే ఒకటే గుర్తొస్తుంది: నజాసత్, అంటే అశుద్ధం. కుక్క మూతిపెట్టిన పాత్రను ఏడుసార్లు కడగాలని హదీసులో ఉంది. అవసరం లేకుండా సరదాకు కుక్కను పెంచేవారి పుణ్యంలో నుండి ప్రతిరోజూ కొంత తగ్గిపోతుందని కూడా ఉంది. అయితే వేటకు, పశువుల కాపలాకు, పొలం కాపలాకు పెంచడానికి ఆ హదీసులోనే మినహాయింపు ఉంది. కాబట్టి మీరు తోట కాపలాకు కుక్కను ఉంచుకోవడంలో దోషం లేదు.

కుక్క లాలాజలం అశుద్ధం అనేది మనం కడుక్కోవడానికి సంబంధించిన ఆదేశం. అది కుక్కకు విధించిన శిక్ష కాదు. పాత్రను ఏడుసార్లు కడగమన్న దైవప్రవక్త (స) దాన్ని ముట్టిన కుక్కను కొట్టమనలేదు. మన పరిశుభ్రతకు సంబంధించిన నియమాన్ని దాని మీద ద్వేషంగా మార్చుకున్నది మనమే. దివ్యఖుర్ఆన్ కహఫ్ సూరాలో గుహవాసుల ప్రస్తావన వచ్చినప్పుడు, గుమ్మం దగ్గర ముంగాళ్ళు చాచి పడుకున్న వారి కుక్క ప్రస్తావన కూడా ఉంది. సజ్జనుల వెంట నడిచిన ఒక కుక్కను ప్రళయదినం వరకు పారాయణం చేసే గ్రంథంలో అల్లాహ్ ప్రస్తావించాడంటే, 'కుక్కే కదా' అని తేలిగ్గా అనే ముందు మనం కాస్త ఆలోచించుకోవాలి.

శిక్షణ ఇవ్వడం సమ్మతమే

రెండో విషయం. కుక్కకు శిక్షణ ఇవ్వడం, తప్పు పని మాన్పించడం షరీఅత్‌లో తప్పు కాదు. మాయిదా సూరాలో వేట గురించిన ఆదేశం చూడండి. అల్లాహ్ తమకు నేర్పిన విద్యలో నుండి మనుషులు వేటజంతువులకు నేర్పుతారనీ, అలా నేర్చుకున్న జంతువు పట్టి తెచ్చిన వేట హలాల్ అనీ అందులో ఉంది. హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) ఈ విషయమై దైవప్రవక్త (స)ను అడిగారు. అల్లాహ్ పేరు ఉచ్చరించి వదిలిన శిక్షణ పొందిన కుక్క పట్టి తెచ్చినది తినవచ్చని, అది స్వయంగా అందులో తిన్నట్లయితే తినకూడదని ఆయన తెలియజేశారు. హజ్రత్ ఇబ్నె ఖయ్యిమ్ (రహ్మ) (మరణం హి. 751) దీని నుండి విద్య గొప్పతనాన్ని గ్రహించారు. నేర్చిన కుక్క వేట హలాల్, నేర్వని కుక్క వేట హరామ్. విద్య కుక్కకే ఇంత విలువ తెచ్చిపెట్టింది.

మరి ఆ శిక్షణలో దండన ఉండవచ్చా? మన మదరసాలలో బోధించే 'హిదాయా' గ్రంథంలో దీనికి సంబంధించిన ఒక ముఖ్యమైన విషయం ఉంది. అల్లామా మర్‌గీనానీ (రహ్మ) (మరణం హి. 593) కుక్కకు, డేగకు వేర్వేరు కొలమానాలు చెప్పారు. కుక్క మూడుసార్లు వేటను తినకుండా వదిలిపెడితే శిక్షణ పొందినట్లు. డేగ పిలవగానే తిరిగివస్తే శిక్షణ పొందినట్లు. ఎందుకు ఈ తేడా? డేగ శరీరం దెబ్బను తట్టుకోలేదు, కాబట్టి తినడం మాన్పించడానికి దాన్ని కొట్టలేము. కుక్క శరీరం తట్టుకుంటుంది, కాబట్టి దాన్ని దండించి మాన్పించవచ్చు.

దీన్ని చదివి కొందరు "చూశారా, కుక్కను కొట్టవచ్చని ఫిఖహ్‌లోనే ఉంది" అంటారు. ఉంది, నిజమే. కాని ఆ వాక్యంలో కొలబద్ద ఏమిటో గమనించారా? మన కోపం కాదు, మనకు జరిగిన నష్టం కాదు, ఆ జీవి శరీరం. ఏది తట్టుకోగలదు, ఏది తట్టుకోలేదు అన్నదే ప్రశ్న. డేగ శరీరాన్ని ఎరిగి డేగ మీద చెయ్యి ఆపమన్నారు. అదే సూత్రం ప్రకారం కుక్క శరీరంలో కూడా దెబ్బకు తట్టుకోలేని భాగం ఏదైనా ఉంటే, అక్కడ మన చెయ్యి ఆగాలి.

ఆ భాగం ఉంది. అదే ముక్కు.

ముఖం మీద కొట్టవద్దు

మనిషి ముక్కులో వాసనను పసిగట్టే గ్రాహకాలు సుమారు 50 లక్షలు ఉంటే, కుక్క ముక్కులో 20 కోట్లకు పైగా ఉంటాయని శాస్త్రవేత్తలు చెబుతారు. మనకు కళ్ళు ఎలాగో కుక్కకు ముక్కు అలాగ. యజమాని ఎవరో, దొంగ ఎవరో, ఆహారం ఏదో, ప్రమాదం ఎక్కడుందో అది ముక్కుతోనే తెలుసుకుంటుంది. అటువంటి అవయవం మీద ఘాటైన పదార్థాన్ని చిమ్మడం, మనిషి కళ్ళలోకి ఒక్కసారిగా టార్చిలైటు కొట్టడం కన్నా చాలా ఎక్కువ.

ఒక గాడిద ముఖం మీద వాత పెట్టి ఉండటం చూసి దైవప్రవక్త (స) అలా చేసినవాణ్ణి శపించారని, ముఖం మీద కొట్టడాన్ని, ముఖం మీద వాత పెట్టడాన్ని నిషేధించారని సహీహ్ ముస్లిమ్‌లో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం ఉంది. ఆనాడు వాత పెట్టడానికి ఒక అవసరం ఉండేది. ఎవరి పశువు ఏదో గుర్తు పట్టాలి. ఆ అవసరాన్ని ఆయన కాదనలేదు, స్వయంగా జకాత్ ఒంటెలకు గుర్తు వేశారు. కాని ముఖాన్ని మాత్రం వదిలేయమన్నారు. అంటే అవసరం నిజమైనదైనా, ముఖానికి రక్షణ ఉంది.

ఈ కారణంగా పక్క తోట రైతు చెప్పిన కారం నీళ్ళ సలహా సమ్మతం కాదు. అది ముక్కును, కళ్ళను మండిస్తుంది. మండుతున్నంతసేపూ ఆ జీవికి తాను ఏ తప్పు చేసిందో కూడా గుర్తుండదు.

మదరసా వంటశాల సంగతి

ఈ మాట నేను పుస్తకం చూసి మాత్రమే రాయడం లేదు. మేము మదరసాలో చదువుకునే రోజుల్లో వంటశాల వసారాలోకి ఒక వీధి కుక్క వచ్చేది. దేగిసాలలో మూతి పెట్టేది. ఆ పాత్రలన్నీ మళ్ళీ మళ్ళీ కడిగే పని విద్యార్థుల మీద పడేది. విసిగిపోయి మేము నలుగురం ఒక ప్లాస్టిక్ సీసా మూతకు చిల్లులు పొడిచి, అందులో కారం నీళ్ళు పోసి కాపు కాశాం. కుక్క రాగానే ముఖం మీద పిచికారీ కొట్టాం. అది ముఖాన్ని మట్టిలో రుద్దుకుంటూ, గోడకు తగులుకుంటూ, దారి కనిపించక అక్కడే తిరిగింది. మేము నవ్వాం.

వంటచేసే పెద్దాయన బయటికి వచ్చారు. ఆయన చదువుకున్న మనిషి కాదు. మమ్మల్ని ఏమీ అనలేదు. బకెట్‌తో చల్లని నీళ్ళు తెచ్చి, దూరం నుండి మెల్లగా ఆ కుక్క ముఖం మీద పోశారు. ఒక్కసారి కాదు, నాలుగైదుసార్లు. తర్వాత లోపలికి వెళ్ళి దేగిసాల మీద మూతలు పెట్టి, మూతల మీద తలా ఒక రాయి పెట్టారు. "బేటా! దాని పని వెతుక్కోవడం. మన పని మూత పెట్టుకోవడం. మన పని మనం చేయకుండా దాన్ని కొట్టారు" అన్నారు. ఆ తర్వాత మళ్ళీ ఏ కుక్కా పాత్రలో మూతి పెట్టలేదు. ఏ పిచికారీ అవసరం రాలేదు.

ఆ సంవత్సరమే మేము హిదాయాలో వేట అధ్యాయం చదివాం. డేగ శరీరం తట్టుకోలేదన్న వాక్యం దగ్గర ఉస్తాద్ గారు చెబుతున్నది నాకు వినిపించలేదు. మట్టిలో ముఖం రుద్దుకుంటున్న ఆ కుక్కే కళ్ళముందు మెదిలింది. ఆ పని గురించి నేను ఇప్పటికీ అల్లాహ్‌ను క్షమాపణ వేడుకుంటూనే ఉన్నాను.

చేదు వస్తువు మీద వేరు, జీవి మీద వేరు

ఇప్పుడు దుకాణదారుడు చూపించిన రెండు వస్తువుల సంగతి చూద్దాం.

మొదటిది చేదు స్ప్రే. ఇటువంటి మందుల్లో కొన్నింటిలో డెనాటోనియం అనే పదార్థం వాడతారు. 1958లో స్కాట్లండ్‌లో మత్తుమందులపై పరిశోధన చేస్తున్నవారు దీన్ని కనుగొన్నారు. మనిషికి తెలిసిన పదార్థాల్లో ఇంతకు మించిన చేదు లేదంటారు. పిల్లలు పొరపాటున తాగకుండా ఇళ్ళలో వాడే కొన్ని రసాయనాల్లో కూడా దీన్ని కలుపుతారు. దీన్ని పైపు మీద పూస్తే ఏమవుతుంది? కుక్క నోరు పెడుతుంది, చేదు తగులుతుంది, వదిలేస్తుంది. వదిలేయగానే ఇబ్బంది దాదాపు అక్కడితో ఆగిపోతుంది. ఇక్కడ కుక్క చేతిలో ఒక నిర్ణయం ఉంది: పైపు జోలికి పోకపోతే చేదే లేదు. తల్లి బిడ్డకు పాలు మాన్పించడానికి వేపాకు రసం రాసుకోవడం మన ఊళ్ళలో అందరికీ తెలిసిందే. బిడ్డను ఎవరూ కొట్టడం లేదు, వస్తువునే ఇష్టం లేకుండా చేస్తున్నారు.

రెండోది మెడ పట్టీ. దీనిలో చేదు వస్తువు మీద లేదు, జీవి మీద ఉంది. అది ముక్కు దగ్గరే చిమ్ముతుంది. కుక్క పైపును వదిలేసి దూరంగా పరుగెత్తినా ఆ వాసన దాని వెంటే వస్తుంది. తప్పు మానేసిన తర్వాత కూడా శిక్ష కొనసాగుతోంది. పైగా మీట మన చేతిలో ఉంది. మనం ఒక్క క్షణం ఆలస్యంగా నొక్కితే, అది పైపును వదిలి మన వైపు వస్తున్నప్పుడు వాసన చిమ్ముతుంది. అప్పుడు అది నేర్చుకునే పాఠం ఏమిటి? యజమాని దగ్గరికి వెళ్తే బాధ కలుగుతుందని! మొరిగితే తనంతట తానే చిమ్మే పట్టీలు కూడా ఉన్నాయి. పక్క కుక్క మొరిగినా అవి ఒక్కోసారి చిమ్ముతాయి. ఒకరి తప్పుకు మరొకరిని శిక్షించడం మనుషుల్లోనే అన్యాయం అయినప్పుడు, నోరులేని జీవి విషయంలో న్యాయం ఎలా అవుతుంది?

ఇతర దేశాల్లో కూడా ఈ విషయమై ఆలోచన మారుతోంది. కరెంటు షాకు ఇచ్చే మెడ పట్టీలను వేల్స్ దేశం 2010లోనే నిషేధించింది. జంతువుల ప్రవర్తనపై పనిచేసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో, కుక్కలకు మంచి పనికి బహుమానం ఇచ్చే పద్ధతిలోనే శిక్షణ ఇవ్వాలని సూచించింది. హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి మొండికేసిన ఒంటెను ఎక్కి, దాన్ని అటూ ఇటూ లాగుతుంటే దైవప్రవక్త (స) ఆమెను మృదువుగా వ్యవహరించమన్నారు. మృదుత్వం ఏ విషయంలో ఉన్నా దానికి అందాన్నిస్తుందని బోధించారు. ఒంటె మొండికేసిన మాట నిజమే. మృదుత్వం గురించిన ఉపదేశం అటువంటి సమయంలోనే వచ్చింది. మాట వినే పశువు దగ్గర మృదువుగా ఉండటం ఎవరికైనా చేతనవుతుంది.

ఒక అభ్యంతరం

"మనం జంతువులను జిబహ్ చేసి తింటున్నాం కదా, ఒక వాసన గురించి ఇంత చర్చ అవసరమా?" అని కొందరు అడగవచ్చు. ప్రాణం తీసే అనుమతి ఇచ్చిన షరీఅతే, కత్తికి పదును పెట్టుకోమని, పశువుకు ఊరట కలిగించమని ఆదేశించింది. పశువు చూస్తుండగా కత్తి నూరుతున్న మనిషిని దైవప్రవక్త (స) మందలించారు. అనుమతి ఉన్న చోట కూడా అనవసరమైన బాధకు అనుమతి లేదు. అల్లామా ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (రహ్మ) (మరణం హి. 660) మనిషి మీద జంతువులకున్న హక్కులను వివరిస్తూ, అవి ముసలివై, జబ్బుపడి పనికిరాకుండా పోయినా వాటి మేత ఖర్చు యజమాని మీదే ఉంటుందని రాశారు.

మన దేశంలో జంతువులపై క్రూరత్వాన్ని నిరోధించే చట్టం 1960లో వచ్చింది. మొదటి నేరానికి అందులో ఉన్న జరిమానా 10 రూపాయల నుండి 50 రూపాయలు. యాభై రూపాయలు కట్టి బయటపడవచ్చని ఎవరైనా అనుకోవచ్చు. కాని ఒక పిల్లిని కట్టేసి, తిండి పెట్టక, వదలక చంపిన స్త్రీ నరకానికి వెళ్ళిందని హదీసులో ఉంది. అక్కడి లెక్క యాభై రూపాయలతో తీరేది కాదు.

మీదపడే కుక్క విషయం వేరు

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇంతవరకు చెప్పింది సరిదిద్దడం గురించి. ప్రాణరక్షణ సంగతి వేరు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాడు వీధి కుక్కల దాడిలో చనిపోయిన సంఘటనను ఏ తల్లిదండ్రులు మరచిపోగలరు? మీద పడి కరిచే కుక్కను ఇహ్రామ్ స్థితిలో కూడా చంపడానికి హదీసులో అనుమతి ఉంది. పిల్లల మీదకు దూకే కుక్కను ఆపడానికి కర్ర అయినా, కారం స్ప్రే అయినా వాడవచ్చు. దాడి చేసేదాన్ని ఎంత తక్కువతో ఆపగలిగితే అంతతో ఆపాలని ఫుఖహాలు నియమం పెట్టారు. ప్రాణాలు తీయకుండా ఆపగలిగితే అదే మేలు. కుక్క కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో, పారే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి. కారం, పసరు పూసి ఇంట్లో కూర్చోకూడదు.

కాని గేటు దగ్గర పడుకున్న కుక్క మీద మరిగే నీళ్ళు పోయడం, యాసిడ్ చల్లడం, అన్నంలో గుళికల మందు కలపడం ప్రాణరక్షణ కాదు. అది దౌర్జన్యం. నిప్పుతో శిక్షించే హక్కు నిప్పును సృష్టించిన ప్రభువుకే ఉందని మనకు బోధించబడింది.

మీ ప్రశ్నకు సమాధానం

సోదరా! ఇక మీ తోటకు వద్దాం. కారం నీళ్ళు వద్దు. మెడ పట్టీ వద్దు. పైపు మీద చేదు పూయడం సమ్మతమే. కాని అది హానిలేనిదై ఉండాలి, పురుగుమందు కాకూడదు. నోటికి చేదు తగలడం వేరు, కడుపులోకి విషం పోవడం వేరు. కొన్ని కుక్కలు చేదును లెక్కచేయవు. అప్పుడు మందు మోతాదు పెంచుకుంటూ పోకుండా, పైపును మట్టిలో పూడ్చడమో, తొడుగు వేయడమో చేయండి. పైపును వదిలినప్పుడు ఒక రొట్టె ముక్క వేయండి.

అయితే చేదు సీసా మూత తీసే ముందు మీరు చేయవలసిన పని ఒకటుంది. మీ ఉత్తరంలో ఒక మాట నన్ను ఆపింది. ఎండలు ముదిరినప్పటి నుండి కొరకడం ఎక్కువైందని రాశారు. పైపులో ఏముంటుంది సోదరా? నీళ్ళు. పగలంతా మీ కుక్క ఎక్కడ ఉంటోంది? నీడలోనా, ఎండలోనా? దాని ముందు నీళ్ళ తొట్టి ఉందా? ఉంటే మధ్యాహ్నానికి అందులో నీళ్ళు మిగులుతున్నాయా? మీరు మంచి మనిషి, పట్టించుకోలేదని నేననడం లేదు. కాని రాత్రంతా మేల్కొని మీ తోట కాసిన జీవి పగలు దాహంతో పైపు కొరుకుతుంటే, ఆ పైపుకు చేదు పూయడం అంటే దాని దాహానికి చేదు పూయడమే.

దాహంతో తడిమట్టి నాకుతున్న ఒక కుక్కను చూసి, బావిలోకి దిగి, తన మేజోడులో నీళ్ళు నింపి, నోటితో పట్టుకొని పైకి వచ్చి తాగించిన మనిషి హదీసు మనందరికీ తెలుసు. అల్లాహ్ అతన్ని క్షమించాడు. జంతువుల విషయంలో కూడా మాకు పుణ్యం ఉందా అని సహాబా (రజి) ఆశ్చర్యపోతే, ప్రాణమున్న ప్రతి జీవి విషయంలోనూ ఉందని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఆ మనిషి నీళ్ళకోసం బావిలోకి దిగవలసి వచ్చింది. మీకు ఒక తొట్టి చాలు.

ముందు పదిరోజులు నీడ, నీళ్ళు చూడండి. దాన్ని పగలంతా గొలుసుతో కట్టేసి ఉంచితే, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తిరగనివ్వండి. ఊరకే కట్టేసిన కుక్క అందిన వస్తువునల్లా కొరుకుతుంది. చిన్న వయసుదైతే పళ్ళు వచ్చే దశలో కొరకడం దాని స్వభావం, ఒక ఎముక వేయండి. ఇన్ని చేసిన తర్వాత కూడా మానకపోతే, అప్పుడు చేదు పూయండి, వస్తువు మీద.

పాఠకులారా! మనలో చాలామందికి తోటలు లేవు, కుక్కలు లేవు. కాని మన చేతికింద ఎవరో ఒకరు ఉంటారు. ఎద్దు, మేక, పనిపిల్లవాడు, కన్నబిడ్డ. తప్పు కనిపించగానే మన చెయ్యి సీసా వైపు, కర్ర వైపు పోతుంది. దానికి ముందు ఒక్కసారి తొట్టి వైపు చూడటం నేర్చుకుందాం. మన వంతు పని మనం చేశామా అని అడుగుదాం.

అధికారం చేతిలో ఉన్నప్పుడు మృదువుగా ఉండే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! తెలిసీ తెలియక మూగజీవులకు మనం కలిగించిన బాధను మన్నించుగాక! ఆమీన్.